శత్రువు లేని యుద్ధం: ఇంగ్లండ్ రాజుకూ పార్లమెంటుకూ మధ్య నలిగినవాళ్ల మాటల్లో

1642 జనవరి 4. లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో, పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో రాల్ఫ్ వర్నీ అనే సభ్యుడు ఎప్పటిలాగే మోకాలి మీద కాగితాలు పెట్టుకుని పెన్సిలుతో రాసుకుంటున్నాడు. తలుపు తెరుచుకుంది. రాజు మొదటి చార్లెస్ లోపలికి నడిచి వచ్చాడు. గుమ్మం అవతల ఆయుధాలు పట్టిన మనుషులు వందల్లో ఉన్నారు. సభ నడుస్తుండగా రాజు ఇలా అడుగుపెట్టడం అంతకుముందు ఎన్నడూ లేదు. ఐదుగురు సభ్యులను రాజద్రోహం కింద పట్టుకుపోవడానికి ఆయన వచ్చాడు. జాన్ పిమ్, జాన్ హాంప్‌డెన్, డెంజిల్ హోలిస్, ఆర్థర్ హేసిల్‌రిగ్, విలియం స్ట్రోడ్. కబురు ముందే అందడంతో ఆ ఐదుగురూ పడవెక్కి జారుకున్నారు. రాజు స్పీకర్ కుర్చీ దగ్గర నిలబడి సభంతా కలయజూసి, పిట్టలన్నీ ఎగిరిపోయినట్టున్నాయన్నాడు. వాళ్లెక్కడని స్పీకర్ విలియం లెంథాల్‌ను అడిగాడు. లెంథాల్ మోకరిల్లి ఇలా జవాబిచ్చాడు: "ఏలినవారు చిత్తగించాలి. ఈ సభ ఆజ్ఞాపిస్తే తప్ప ఇక్కడ నాకు చూడటానికి కళ్లు లేవు, పలకడానికి నాలుక లేదు. నేను ఈ సభ సేవకుణ్ణి."

ఈ మాటలు ఈనాటికీ వినబడుతున్నాయంటే ఆ గదిలో కొందరి చేతులు ఆగకుండా రాస్తూ ఉండటమే కారణం. వర్నీతో పాటు సభ గుమాస్తాకు సహాయకుడైన జాన్ రష్‌వర్త్ కూడా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నాడు. రాజు అది గమనించాడు. ఆ సాయంత్రమే రష్‌వర్త్‌ను పిలిపించి ప్రతి ఇవ్వమన్నాడు. సభలో జరిగింది రాజుకు చెప్పినందుకు ఒక సభ్యుణ్ణి పూర్వం జైల్లో పెట్టారని రష్‌వర్త్ వెనకాడాడు. "సభ్యులు ఏమన్నారో నేను అడగడం లేదు. నేనేమన్నానో అది ఇవ్వు" అన్నాడు రాజు. రష్‌వర్త్ తన నోట్సు సాఫుగా తిరగరాసి ఇవ్వక తప్పలేదు. రాజు దాన్ని అచ్చు వేయించాడు.

ఇంగ్లండ్ అంతర్యుద్ధాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఈ చిన్న సంఘటన కంటే మంచి తలుపు కనబడలేదు. యుద్ధం మొదలు కావడానికి ఏడు నెలల ముందే, జరిగినదాన్ని ఎవరు రాస్తారు, ఎవరు ముందుగా అచ్చు వేస్తారు అన్న పోటీ మొదలైపోయింది. మనం బళ్లో చదివిన కథ సూటిగా ఉంటుంది: నిరంకుశుడైన రాజు ఒకవైపు, ప్రజాస్వామ్యం కోరే పార్లమెంటు మరోవైపు, చివరికి పార్లమెంటు గెలిచింది. ఆ యుద్ధంలో బతికినవాళ్ల ఉత్తరాలు, డైరీలు, అర్జీలు చదివితే ఆ గీత ఎక్కడా సూటిగా కనబడదు. మొదట్లో "నేను రాజు మీద యుద్ధం చేస్తున్నాను" అన్నవాడు దాదాపు లేడు. "నాకు పార్లమెంటు అక్కర్లేదు" అన్నవాడూ లేడు. అందరూ రెంటి కోసమూ పోరాడుతున్నామనే చెప్పుకున్నారు. అలా చెప్పుకుంటూనే ఒకరినొకరు చంపుకున్నారు.

ఇదెలా సాధ్యమైందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1625లో గద్దెనెక్కిన చార్లెస్ 1629 నుంచి పదకొండేళ్లు పార్లమెంటును పిలవలేదు. పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను వేయకూడదన్నది పాత నియమం. డబ్బు కావాలి కాబట్టి రాజు దొడ్డిదారులు వెతికాడు. యుద్ధ సమయంలో తీరప్రాంతాలు కట్టే నౌకా పన్నును శాంతికాలంలో దేశమంతటి మీదా వేశాడు. హాంప్‌డెన్ కట్టనని కోర్టుకెక్కాడు. పన్నెండు మంది న్యాయమూర్తుల్లో ఏడుగురు రాజు పక్షం, ఐదుగురు హాంప్‌డెన్ పక్షం. రాజు గెలిచి కూడా ఓడిన కేసు అది. 1637లో స్కాట్లండ్ చర్చి మీద ఇంగ్లండ్ తరహా ప్రార్థన పుస్తకాన్ని రుద్దబోతే స్కాట్లు తిరగబడ్డారు. వాళ్లతో పోరాడటానికి డబ్బు లేక రాజు 1640లో పార్లమెంటును పిలిచాడు. ఆ పార్లమెంటు నౌకా పన్నును రద్దు చేసింది, రాజు మంత్రి స్ట్రాఫర్డ్ తల తీయించింది. అక్కడిదాకా సభ్యుల్లో చీలిక పెద్దగా లేదు.

చీల్చింది ఐర్లండ్. 1641 అక్టోబరులో అక్కడి క్యాథలిక్కులు తిరుగుబాటు చేశారు. దాన్ని అణచడానికి సైన్యం కావాలని అందరూ ఒప్పుకున్నారు. ఆ సైన్యం ఎవరి చేతిలో ఉండాలి? ముడి ఇక్కడ పడింది. రాజు చేతికిస్తే దాన్ని ముందు తమ మీదకే తిప్పుతాడని పిమ్ వర్గం భయపడింది. సైన్యం మీద రాజుకున్న పాత హక్కును లాక్కోవడం చట్టాన్ని చంపడమేనని, తర్వాత రాజు పక్షం చేరిన ఎడ్వర్డ్ హైడ్ వంటి సభ్యులు భయపడ్డారు. ఆ నవంబరులో రాజు తప్పులన్నీ ఏకరువు పెట్టిన నిరసన పత్రం కామన్స్ సభ ముందుకు వచ్చింది. అర్ధరాత్రి దాటాక ఓట్లు లెక్కిస్తే 159 అనుకూలం, 148 వ్యతిరేకం. ఏడాది క్రితం నౌకా పన్నును కలిసి తిట్టినవాళ్లే ఆ రాత్రి రెండుగా విడిపోయారు.

1642 మార్చిలో పార్లమెంటు రాజు సంతకం లేకుండానే స్థానిక సేనలను తన ఆధీనంలోకి తెచ్చుకునే శాసనం చేసింది. రాజు తన పాత అధికారపత్రాలు పంపాడు. ఒకే జిల్లాలో అవే మనుషులకు రెండు పిలుపులు అందాయి, రెండూ రాజు పేరు మీదే. పార్లమెంటు దీనికి ఒక వాదం తయారు చేసుకుంది: రాజు అనే మనిషి వేరు, రాజరికం అనే అధికారం వేరు, దుర్మార్గులైన సలహాదారులు ఆ మనిషిని చుట్టుముట్టారు కాబట్టి ఆ అధికారం ఇప్పుడు పార్లమెంటు నోటినుంచి పలుకుతోంది. అందుకే పార్లమెంటు సైనికులు "రాజు కోసం, పార్లమెంటు కోసం" అని చెప్పుకుంటూ రాజు ఉన్న సైన్యం మీదకు నడవగలిగారు. దీన్ని కపటం అని కొట్టిపారేయడం నాకు సరికాదనిపిస్తుంది. చాలామంది దీన్ని మనసారా నమ్మారు. నమ్మకపోతే కత్తి ఎత్తలేకపోయేవారు.

పెన్సిలు పట్టిన రాల్ఫ్ వర్నీ దగ్గరకు మళ్లీ వద్దాం. రాల్ఫ్ పార్లమెంటు పక్షాన నిలిచాడు. అతని తండ్రి సర్ ఎడ్మండ్ వర్నీ రాజు కొలువులో పెద్ద ఉద్యోగి, యుద్ధంలో రాజధ్వజం పట్టే బాధ్యత ఆయనది. 1642 ఆగస్టు 22న నాటింగ్‌హామ్‌లో ఎగరేసిన ఆ జెండాతోనే యుద్ధం లాంఛనంగా మొదలైంది. ఆ రోజుల్లో ఎడ్మండ్ తన మనసులోని మాట హైడ్‌తో చెప్పాడు. మీకు మీ పక్షం న్యాయమైనదన్న తృప్తి ఉంది, నాకు ఈ తగాదా నచ్చలేదు, రాజు వాళ్లడిగింది ఇచ్చేస్తే బాగుండునని నా కోరిక అన్నాడు. ఆపైన: "నేను ఆయన రొట్టె తిన్నాను. దాదాపు ముప్ఫై ఏళ్లు కొలిచాను. ఆయనను వదిలిపెట్టే నీచమైన పని చేయను." రాజు వెనకేసుకొచ్చే చర్చి పెద్దలైన ఈ బిషప్పుల మీద తనకు గౌరవమేమీ లేదని, అయినా వాళ్ల కోసం నడుస్తున్న ఈ తగాదాలో తాను తప్పకుండా చస్తానని కూడా అన్నాడు. మన దగ్గరైతే ఉప్పు తిన్నానంటాం. తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదన్న ఆ బరువు మనకు కొత్తగా నేర్పాల్సింది కాదు.

ఎడ్మండ్ మరో కొడుకు, అతని పేరూ ఎడ్మండే, ఇంట్లో మన్ అని పిలిచేవారు, రాజు పక్షాన చేరాడు. అన్నకు ఉత్తరం రాశాడు: అన్నయ్యా, నేను భయపడిందే నిజమైంది, నువ్వు రాజుకు ఎదురు నిలిచావు; నిన్నింతగా ప్రేమించే నేనూ, ఇప్పటికే నాన్నా, రాజు పట్ల ధర్మం వల్ల నీకు శత్రువులం కావలసి వస్తోందని తలుచుకుంటే గుండె తరుక్కుపోతోంది.

అక్టోబరు 23న ఎడ్జ్‌హిల్ దగ్గర మొదటి పెద్ద యుద్ధం జరిగింది. తండ్రి జెండా వదలకుండా చచ్చిపోయాడు. రాల్ఫ్ తండ్రి శవం కోసం పార్లమెంటు సైన్యంలోకే మనిషిని పంపాడు. వచ్చిన జవాబు ఏమిటో ఒక కుటుంబ స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో ఉంది. నాన్న దేహం దొరికే అవకాశమే లేదు. సేనాధిపతి మొదలుకొని నాకు తెలిసిన ఇరవై మంది చెప్పారు, ఆయనను బందీగా పట్టుకోలేదు, దేహమూ తమ చేతికి రాలేదు, ఒక మామూలు రౌతు చేతిలో చనిపోయారు అని. తండ్రిని చంపిన సైన్యం తన సొంత పక్షం. ఆ సైన్యపు అధికారులు తన పరిచయస్థులు. ఆ ఉత్తరంలో ఎవరి మీదా కోపం కనబడదు. ఎవరి మీద కోపపడాలో తెలియని స్థితి కావచ్చు.

ఈ మూడు గొంతులను ఒకే తూకంతో తూచకూడదు. మన్ ఉత్తరం, రాల్ఫ్ ఉత్తరం అప్పటికప్పుడు రాసినవి, తడి ఆరనివి. ఎడ్మండ్ మాటలు మనకు హైడ్ ద్వారా వచ్చాయి. హైడ్ వాటిని కాగితం మీద పెట్టింది పాతికేళ్లు దాటాక, తాను రెండోసారి దేశం విడిచి ఫ్రాన్స్‌లో ప్రవాసంలో ఉన్నప్పుడు. తాను నమ్మి కొలిచిన రాజవంశమే తనను వెళ్లగొట్టిన తర్వాత, ఇష్టం లేకపోయినా రాజును వదలని మనిషి మాటలు ఆయనకు ఎంత స్పష్టంగా గుర్తొచ్చి ఉంటాయో ఊహించవచ్చు. అంటే అబద్ధమని కాదు. ఏ మాట ఎప్పుడు, ఏ గాయం మీద చేయి పెట్టుకుని రాశారో చూడాలి.

కోటలోపలి నుంచి రాసిన ఒక తల్లి గొంతు ఉంది. బ్రిలియానా హార్లీ, హెర్‌ఫోర్డ్‌షైర్‌లో బ్రాంప్టన్ బ్రయాన్ కోట ఇల్లాలు. భర్త లండన్‌లో పార్లమెంటు సభ్యుడు. చుట్టూ ఉన్న జిల్లా అంతా రాజు పక్షం. పెద్ద కొడుకు ఎడ్వర్డ్‌కు, "నెడ్" అని పిలుస్తూ, ఆమె రాసిన ఉత్తరాలు మూడు వందలకు పైగా మిగిలాయి. మొదటివాటిలో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే కొడుకు ఆరోగ్యం మీద బెంగ, పంపిన తినుబండారాలు అందాయా అన్న వాకబు, దేవుణ్ణి మరవవద్దన్న హితవు. ఏళ్లు గడిచేకొద్దీ వాటిలోకి మందుగుండు వస్తుంది, కౌలుదారులు కౌలు కట్టడం మానేశారన్న మాట వస్తుంది, నిన్నటిదాకా ఇంటికి వచ్చిపోయిన పొరుగు పెద్దమనుషులు నన్నెలా చూస్తున్నారో అన్న వేదన వస్తుంది.

1643 జూలై ఆఖరున రాజు సైన్యం కోటను ముట్టడించింది. ఏడు వారాలు. లొంగిపొమ్మని వచ్చిన కబురుకు ఆమె ఇచ్చిన జవాబు ఆ కాలపు చిక్కు మొత్తాన్ని ఒక్క ముడిలో చూపిస్తుంది. రాజును ఎదిరిస్తున్నానని ఆమె అనలేదు. మన దయగల రాజు ఏ తప్పూ చేయని తన ప్రజను సొంత ఇంట్లోంచి వెళ్లగొట్టమన్నాడంటే నేను నమ్మను, ఇల్లు నా భర్తది, చట్టం దాన్ని కాపాడుతుంది అని చెప్పింది. రాజు ఫిరంగులు ఇంటి గోడలు కూలుస్తుంటే, రాజు చట్టాన్ని అడ్డం పెట్టుకుని తలుపు వేసుకుంది. సెప్టెంబరులో ముట్టడి ఎత్తేశారు. అక్టోబరులో ఆమె జబ్బు చేసి చనిపోయింది. మరుసటి ఏడు కోట పడిపోయింది. ఈ ఉత్తరాలు లేకపోతే ఆ ఏడు వారాలు సైనిక చరిత్రలో ఒక వాక్యం అయ్యేవి.

ఆ ఏడాదిలోనే రాసిన మరో ఉత్తరం నుంచి ఈ వ్యాసానికి పేరు తీసుకున్నాను. విలియం వాలర్ పార్లమెంటు సేనాని, రాల్ఫ్ హాప్టన్ రాజు సేనాని. ఇద్దరూ యువకులుగా యూరప్‌లో ఒకే పక్షాన పోరాడిన మిత్రులు. 1643 జూన్‌లో రెండు సైన్యాలు దగ్గరవుతుంటే హాప్టన్ ఒకసారి కలుద్దామని కబురు పంపాడు. వాలర్ రాననే రాశాడు. మీ మీద నా ప్రేమ మారదు, శత్రుత్వం కూడా మన స్నేహాన్ని చెరపలేదు, కానీ నేను కొలిచే పక్షానికి నిజాయితీగా ఉండాలి అంటూ, "ఎంత బరువెక్కిన మనసుతో ఈ పనికి వెళ్తున్నానో, శత్రువు లేని ఈ యుద్ధాన్ని ఎంత సంపూర్ణంగా ద్వేషిస్తున్నానో నా హృదయాన్ని శోధించే ఆ దేవుడికే తెలుసు" అన్నాడు. మనమిద్దరం రంగస్థలం మీద ఉన్నాం, ఈ విషాద నాటకంలో మనకిచ్చిన వేషాలు కట్టాల్సిందే అన్నాడు. మూడు వారాలు తిరగకుండా లాన్స్‌డౌన్ గుట్ట మీద తలపడ్డారు. ఆ మర్నాడు మందుగుండు బండి పేలి హాప్టన్ ఒళ్లు కాలింది, కొన్నాళ్లు కళ్లు కనబడలేదు.

ఈ ఉత్తరం అందానికి నేనూ లొంగిపోయినవాణ్ణే. అయితే ఇది ఇద్దరు పెద్దమనుషుల మధ్య మర్యాద. కింది సైనికుడి యుద్ధంలో ఈ మర్యాద ఉందా? నెహెమయా వార్టన్ లండన్ వర్తకుడి దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడు. పార్లమెంటు సైన్యంలో సార్జెంటుగా చేరి 1642 ఆగస్టు నుంచి యజమానికి ఉత్తరాలు రాశాడు. దారిలో చర్చిల్లోకి దూరి బలిపీఠం చుట్టూ ఉండే కటకటాలు పీకి తగలబెట్టడం, రాజు పక్షం పెద్దల వనాల్లో జింకల్ని కొట్టి తినడం, ఇవన్నీ దాచకుండా, దాదాపు సంబరంగా రాశాడు. దైవకార్యం చేస్తున్నామన్న నమ్మకమూ, ఆకలీ, దోపిడీ ఒకే పేజీలో ఉంటాయి. ఒకచోట తమ పక్షం గుర్రపు దళమే అతణ్ణి అటకాయించి ఉన్నదంతా దోచుకుంది, కత్తి సహా. "నా కత్తి నాకివ్వండి, లేదా ఇక్కడే చస్తాను" అన్నానని రాశాడు. ఆ ఉత్తరాలు ఎడ్జ్‌హిల్ యుద్ధానికి కొద్ది రోజుల ముందు ఆగిపోతాయి.

అచ్చుయంత్రం ఈ గొంతులన్నింటి మీదా పెద్ద గొంతు వేసుకుని అరిచింది. యుద్ధానికి ముందే సెన్సారు కూలిపోయింది. 1643 జనవరిలో ఆక్స్‌ఫర్డ్ నుంచి రాజు పక్షపు వారపత్రిక మెర్క్యూరియస్ ఆలికస్ మొదలైంది. దొంగచాటుగా లండన్‌లోనూ అమ్ముడయ్యేది. దానికి జవాబుగా లండన్‌లో మెర్క్యూరియస్ బ్రిటానికస్ పుట్టింది. ఒకే యుద్ధంలో రెండు పత్రికలూ గెలిచేవి. జార్జ్ థామసన్ అనే లండన్ పుస్తకాల వ్యాపారి మాత్రం 1640 నుంచి ఇరవై ఏళ్లపాటు చేతికందిన ప్రతి కరపత్రాన్నీ, పత్రికనూ పోగుచేసి, చాలావాటి మీద అవి తనకందిన తేదీ రాసిపెట్టాడు. దాదాపు 22,000 ప్రతులు. ఏ అబద్ధం ఏ రోజు బజారుకు వచ్చిందో ఇప్పుడు చెప్పగలుగుతున్నామంటే ఆయన చలవే.

అచ్చులో పడ్డ గొంతుల్లో అన్నిటికన్నా దెబ్బతీసింది రాజు గొంతే. 1645 జూన్ 14న నేజ్‌బీ యుద్ధంలో చార్లెస్ ఓడి పారిపోయినప్పుడు ఆయన కాగితాల పెట్టె పార్లమెంటు చేతికి చిక్కింది. అందులో రాణి హెన్రియెటా మరియాతో నడిపిన ఉత్తరాలు, కొన్ని సంకేతలిపిలో. వాటిని విప్పి, ఏరి, వ్యాఖ్యలు జోడించి పార్లమెంటు అచ్చు వేసింది. విదేశీ సైన్యాల కోసం, ఐర్లండ్ క్యాథలిక్కుల సాయం కోసం రాజు చేస్తున్న బేరాలు బయటపడ్డాయి. భార్యాభర్తల ఉత్తరాలు బజారున పెట్టారని రాజు పక్షం మండిపడింది. ఆ ఉత్తరాలు దొంగవని మాత్రం రాజు అనలేకపోయాడు. అప్పటిదాకా "రాజు మంచివాడే, పక్కవాళ్లే చెడ్డవాళ్లు" అన్న వాదం మీద నిలబడ్డ పార్లమెంటు మితవాదుల కాళ్ల కింద నేల కదిలింది.

అంతకు ముందరి ఏడాదే ఆ నేల బీటలు వారిందని మరో సాక్ష్యం చెబుతుంది. 1644 నవంబరులో పార్లమెంటు సేనానుల సమాలోచనలో ఎర్ల్ ఆఫ్ మాంచెస్టర్ ఇలా అన్నాడట: మనం రాజును తొంభై తొమ్మిది సార్లు ఓడించినా ఆయన రాజే, ఆయన తర్వాత ఆయన పిల్లలూ రాజులే, ఆయన మనల్ని ఒక్కసారి ఓడిస్తే మనందరినీ ఉరి తీస్తారు. దానికి ఆలివర్ క్రామ్‌వెల్, "అలాగైతే అసలు ఆయుధాలు ఎందుకు పట్టాం?" అన్నాడు. "అన్నాడట" అని ఎందుకు రాశానంటే, ఈ సంభాషణ మాంచెస్టర్ మీద క్రామ్‌వెల్ పెట్టిన ఫిర్యాదు విచారణలో సాక్షులు చెప్పినది. మాంచెస్టర్‌ను దోషిగా నిలబెట్టడానికి చెప్పిన మాట. అయినా ఆయన తర్కంలో తప్పు నాకు కనబడదు. ఓడినా రాజుగానే మిగిలే మనిషితో యుద్ధం ఎలా ముగుస్తుంది? ఆ ప్రశ్నకు జవాబు నాలుగేళ్ల తర్వాత గొడ్డలి ఇచ్చింది.

క్రామ్‌వెల్‌ను చాలామంది ఉక్కు మనిషిగానే తలుస్తారు. 1644 జూలైలో మార్‌స్టన్ మూర్ గెలిచాక బావమరిది వరసైన వాలెంటైన్ వాల్టన్‌కు ఆయన రాసిన ఉత్తరం ఉంది. ముందు విజయం: దేవుడు వాళ్లను మా కత్తులకు చేలో మిగిలిన కొయ్యకాళ్లలా చేశాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి: "అయ్యా, దేవుడు మీ పెద్ద కొడుకును ఫిరంగి గుండుతో తీసుకుపోయాడు. అతని కాలు విరిగింది. మేము దాన్ని తీసేయించక తప్పలేదు, దానితో చనిపోయాడు." ఆ వెంటనే, ఈ బాధ ఎలాంటిదో నాకు తెలుసు అంటాడు, ఆయనా కొడుకులను పోగొట్టుకున్నవాడే. ఒక తండ్రికి ఇంత కఠినమైన కబురును ఇంత పొట్టి వాక్యాల్లో చెప్పిన ఉత్తరం నేను మరొకటి చదవలేదు.

1647 నాటికి రాజు బందీ. గెలిచిన సైన్యానికి జీతాలు బాకీ. దేశాన్ని ఎలా నడపాలన్న ప్రశ్న మీద ఆ అక్టోబరు 28 నుంచి లండన్ దగ్గర పట్నీలో అధికారులూ, సైనికుల ప్రతినిధులూ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. ఎవరికి ఓటుండాలి? కల్నల్ థామస్ రెయిన్స్‌బరో అన్నాడు: "ఇంగ్లండ్‌లో అందరికన్నా పేదవాడికీ అందరికన్నా గొప్పవాడితో సమానంగా బతకవలసిన బతుకుంది." తన సమ్మతి లేని ప్రభుత్వానికి ఏ మనిషీ కట్టుబడనవసరం లేదన్నాడు. క్రామ్‌వెల్ అల్లుడు హెన్రీ ఐర్టన్ ఒప్పుకోలేదు. ఈ దేశంలో స్థిరమైన ఆస్తి లేనివాడికి దేశం సంగతుల్లో మాట ఉండకూడదన్నాడు. అప్పుడు ఎడ్వర్డ్ సెక్స్‌బీ లేచాడు. మేము ప్రాణాలు ఒడ్డింది మా జన్మహక్కుల కోసం. ఇప్పుడు ఆస్తి లేనివాడికి హక్కు లేదంటున్నారు. ఇంతగా మోసపోయామే అని ఆశ్చర్యంగా ఉంది. ఈ దేశం మీద మాకు హక్కే లేకపోతే మేము కూలికి పోరాడిన సైనికులమే అన్నమాట అన్నాడు.

యుద్ధం దేనికోసమో అన్న ప్రశ్నకు నేను విన్నవాటిలో అన్నిటికన్నా నిజాయితీ గల మాట ఇదే. రాజూ పార్లమెంటూ పంచుకోవలసిన అధికారం గురించి మొదలైన తగాదాలోకి ఆ ఇద్దరిలో ఎవరికీ చెందని మనిషి వచ్చి కూర్చున్నాడు. అయినా ఈ గొంతు రెండు వందల ఏళ్లకు పైగా ఎవరికీ వినబడలేదు. ఆ చర్చను రాసుకున్నవాడు విలియం క్లార్క్, సైన్యంలో రష్‌వర్త్ కింద పనిచేసిన గుమాస్తా. ఆ కాగితాలు ఆక్స్‌ఫర్డ్‌లోని వూస్టర్ కళాశాల గ్రంథాలయంలో పడి ఉండి 1891లో గాని అచ్చుకు రాలేదు. అంటే ఓటు హక్కు కోసం పందొమ్మిదో శతాబ్దంలో పోరాడిన ఇంగ్లండ్ కార్మికులకు సెక్స్‌బీ మాట అందనే లేదు.

1649 జనవరి 20న వెస్ట్‌మినిస్టర్ హాలులో రాజు విచారణ మొదలైంది. చార్లెస్‌కు నత్తి. ఆ రోజు తడబడలేదంటారు. ఆరోపణలకు జవాబివ్వకుండా ఒకే ప్రశ్న అడిగాడు: ఏ అధికారంతో నన్నిక్కడికి పిలిచారు, నేనడిగేది చట్టబద్ధమైన అధికారం గురించి. ఆ ప్రశ్నకు న్యాయపీఠం దగ్గర సరైన జవాబు లేదు. రాజును ఎంతగా విమర్శించినా ఈ సంగతి ఒప్పుకోవాలి. పది రోజుల తర్వాత, జనవరి 30న, వైట్‌హాల్ వీధిలో వధ్యవేదిక ఎక్కాడు. చలికి వణికితే భయమనుకుంటారని రెండు చొక్కాలు తొడుక్కున్నాడు. వేదిక చుట్టూ సైనికుల వరసలు కాబట్టి జనానికి ఏమీ వినబడదు. ఆ సంగతి ఆయనే మొదట అన్నాడు, నా మాట ఇక్కడ వినేవాళ్లు చాలా తక్కువ అని. వేదిక మీద షార్ట్‌హ్యాండ్ రాసేవాళ్లున్నారు. ఆ ఆఖరి ప్రసంగం వాళ్ల కాగితాల కోసం. ఏడేళ్ల కిందట రష్‌వర్త్ నోట్సు లాక్కున్న రాజు, కాగితం విలువ తెలిసి మాట్లాడాడు.

ఆయన అన్నది: ప్రజల స్వేచ్ఛను నేనూ అందరిలాగే కోరుకుంటున్నాను, వాళ్ల ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడే చట్టాలున్న పాలన ఉండటమే ఆ స్వేచ్ఛ, పాలనలో వాటా అడగడం కాదు, అది వాళ్లకు సంబంధించింది కాదు, "ప్రజ వేరు, ప్రభువు వేరు, పూర్తిగా వేరు." రెయిన్స్‌బరో మాటను దీని పక్కన పెట్టి చదవండి. రెంటికీ మధ్య పదిహేను నెలలు. ఆ మధ్యలో ఎక్కడో ఐర్టన్ నిలబడి ఉన్నాడు, రాజు తల తీయడానికి ఒప్పుకుంటూ, పేదవాడికి ఓటివ్వడానికి ఒప్పుకోకుండా.

గొడ్డలి పడ్డప్పుడు ఆ గుంపులో ఫిలిప్ హెన్రీ అనే పదిహేడేళ్ల ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి ఉన్నాడు. వేలమంది నోట ఒక్కసారిగా ఒక మూలుగు వెలువడిందని, అలాంటిది అంతకుముందెన్నడూ వినలేదని, మళ్లీ వినకూడదని కోరుకుంటున్నానని రాశాడు.

ఇంగ్లండ్ గొంతులే ఇంతగా మిగిలాయంటే ఐర్లండ్ సంగతి అడగాలి. 1641 తిరుగుబాటు బాధితుల వాంగ్మూలాలు దాదాపు ఎనిమిది వేలు డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో 31 సంపుటాలుగా ఉన్నాయి. చెప్పినవాళ్లు ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, ఇళ్లు పోయి ప్రాణాలు చేతబట్టుకుని పారిపోయి వచ్చినవాళ్లు. వాళ్ల బాధ నిజం. ఆ బాధను లండన్ కరపత్రాలు ఎన్నో రెట్లు పెంచి అమ్మాయి. 1649లో క్రామ్‌వెల్ సైన్యం ద్రొహెడాలో చేసిన ఊచకోతకు అలాంటి వాంగ్మూలాలు తీసుకున్నవాళ్లు లేరు. రాల్ఫ్ తమ్ముడు మన్ వర్నీ అక్కడే చంపబడ్డాడు.

1660లో రాచరికం తిరిగొచ్చాక జ్ఞాపకాలు రాసే కాలం మొదలైంది. లూసీ హచిన్సన్ భర్త కర్నల్ జాన్ హచిన్సన్ రాజు మరణశాసనం మీద సంతకం చేసిన 59 మందిలో ఒకడు. ఆయన 1664లో జైల్లో చనిపోయాక పిల్లల కోసం ఆమె ఆయన జీవితం రాసింది. అది 1806లో గాని అచ్చు కాలేదు. రాచరికం తిరిగొచ్చినప్పుడు ఆయన ప్రాణం కాపాడిన క్షమాపణ ఉత్తరం ఆయన రాసింది కాదని, ఆయన పేరుతో తానే రాశానని అందులో చెప్పుకుంది. తండ్రి మాట తప్పలేదని పిల్లలకు చెప్పడానికి ఆ నిందను తన మీద వేసుకుందా, లేక నిజంగానే తాను రాసిందా అన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకునే విషయం.

ఆ తగాదా సెగ మన తీరం దాకా వచ్చింది. చార్లెస్ డబ్బు కోసం నానా తిప్పలు పడుతున్న 1639లోనే ఈస్టిండియా కంపెనీ దామెర్ల నాయకుల దగ్గర సముద్రపు ఒడ్డున స్థలం తీసుకుంది, అదే చెన్నపట్నం. 1665లో అక్కడి కోటకు కొత్త అధికారిగా జార్జ్ ఫాక్స్‌క్రాఫ్ట్ వచ్చాడు. పాత అధికారి ఎడ్వర్డ్ వింటర్ ఆయన మీద మోపిన నేరం, రాజుకు వ్యతిరేకంగా ద్రోహపు మాటలు మాట్లాడాడని. ఆ నెపంతో కోటను చేజిక్కించుకుని, ఫాక్స్‌క్రాఫ్ట్‌ను 1668 దాకా బందీగా ఉంచాడు. వైట్‌హాల్‌లో గొడ్డలి పడి పదహారేళ్లు దాటినా, ఎవడో ఏదో అన్నాడన్న మాట ఒక మనిషిని చెరలో పెట్టడానికి చాలింది.

రాల్ఫ్ వర్నీ విషయానికొస్తే, 1643లో పార్లమెంటు సభ్యులందరినీ చేయమన్న మత ప్రమాణానికి అతని మనస్సాక్షి ఒప్పుకోలేదు. ఫ్రాన్స్‌కు వెళ్లిపోయాడు. అతను నమ్మిన పార్లమెంటే అతని ఆస్తిని జప్తు చేసింది. దాన్ని విడిపించడానికి భార్య మేరీ ఒంటరిగా ఇంగ్లండ్ వచ్చి ఆఫీసుల చుట్టూ తిరిగింది. తిరిగి ఫ్రాన్స్ చేరాక 1650లో చనిపోయింది. రాల్ఫ్ ఇంటికి వచ్చాక కూడా ఒక్క కాగితమూ పారేయలేదు. ఆ ఇంటి ఉత్తరాలు ముప్ఫై వేలకు పైమాటే.

రాయడం రానివాళ్లు కూడా కాగితం మీదకు వచ్చిన ఒక దారి ఉంది. యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయినవాళ్లు, భర్తలు పోయిన ఆడవాళ్లు పింఛను కోసం జిల్లా న్యాయాధికారుల ముందు అర్జీలు పెట్టుకునేవారు. ఎక్కడ పోరాడాడు, ఏ దెబ్బ తగిలింది, ఇంట్లో ఎంతమంది పిల్లలు, అన్నీ గుమాస్తా రాసేవాడు. 1660కి ముందు పార్లమెంటు సేవలో గాయపడ్డానని చెప్పినవాళ్లకు డబ్బు అందింది. ఆ తర్వాత వాళ్ల పింఛన్లు ఆగిపోయాయి. 1662 చట్టంతో రాజు సేవలో గాయపడ్డవాళ్ల వంతు వచ్చింది. అవే జిల్లా కోర్టులు, అదే తరహా అర్జీ. కొన్నింటి కింద పేరు గుమాస్తా చేతివ్రాతలో ఉంటుంది. దాని పక్కన అర్జీదారు సిరాతో పెట్టిన ఒక గుర్తు.